లెక్క చెప్పడానికి వెళ్ళాను

కోయంబేడులో తెల్లవారుజాము మూడింటికి
లారీ వెనక్కి నడుచుకుంటూ వస్తుంది.
మొదటి పెట్టె నేనే తెరుస్తాను,
ఇరవై రెండేళ్ళుగా అంతే.
అట్ట చీల్చగానే ఒక్క ఊపిరి చలి
ముఖానికి తగిలి చచ్చిపోతుంది.
తర్వాత అంతా మద్రాసే:
మగ్గిన క్యాబేజీ ఆకులు, డీజిలు, తడిగోనెలు,
"పదహారొందల నలభై, పదహారొందల నలభై" అని
గొంతు చించుకునే సెల్వం.

ఆ ఏడు కొండచరియ విరిగిపడి
లారీ పదకొండు రోజులు దారిలోనే నిలబడింది.
రెండువందల పది పెట్టెలు.
తెరిస్తే చలి రాలేదు, కల్లు వాసన వచ్చింది.
ఫోనులో చెబితే నమ్మరని
కార్తీకంలో నన్నే పంపాడు సేటు:
సంచిలో చిట్టా పుస్తకం, అరువు స్వెట్టరు,
మా ఆవిడ పొట్లం కట్టిన కందిపొడి.
రెండు రైళ్ళు, మూడు బస్సులు,
చివర నా కాళ్ళు.

దారిలో అడవి.
ఒకప్పుడు మా చెక్కపెట్టెల్లో వచ్చే రంపపు పొట్టు వాసన
అక్కడ నిటారుగా నిలబడి ఉంది.
చెట్టును పొట్టుతో గుర్తుపట్టాను,
మనిషిని అప్పుతో గుర్తుపట్టినట్టు.

లోయలో గుడి చెక్కది.
కప్పు మీద పలకరాళ్ళు చేపపొలుసుల్లా.
తలుపు నిండా మేకులతో కొట్టిన నాణేలు,
ఏ రాజు ముఖమో అరిగిపోయి.
వెనకున్న దేవదారులన్నీ దేవుడి పేరిట ఉన్నాయట,
పుల్ల విరిచినా ఒక మేక జరిమానా.
ఎవరు రాసుకుంటారు అని అడిగితే
దేవుడికీ ఒక గుమాస్తా ఉన్నాడన్నారు.
కాస్త ధైర్యం వచ్చింది.

మొదటి రాత్రి నిద్ర పట్టలేదు.
చెవుల్లో సెల్వం పాడుతూనే ఉన్నాడు,
వాణ్ణి కప్పేయడానికి
అక్కడ ఇంకో చప్పుడు లేదు.

లుద్దర్ చంద్ తోటలో ఉన్నాడు,
ఆకురాలిన చెట్ల మొదళ్ళకు సున్నం పూస్తూ.
నా హిందీ బేరానికి నేర్చుకున్నది,
ఓదార్పుకు చాలదు.
అందుకే పుస్తకం తెరిచాను.
బాడుగ, హమాలీ, కమీషను,
కింద గీత, గీత కింద సున్న,
సున్న కింద అతనే మాకు ఇవ్వాల్సింది.
అతను పుస్తకం వైపు చూడలేదు.
కుంచె బకెట్లో పెట్టి
"ఎవరైనా తిన్నారా?" అన్నాడు.

ఆ గడి మా చిట్టాలో లేదు.
ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగలేదు.

చెప్పాను.
మార్కెట్ వెనకాల గేదెలు తిన్నాయని,
కాస్త బాగున్నవి పదమూడు ఏరుకుని
హమాలీ ఏలుమలై
ఆసుపత్రిలో ఉన్న వాళ్ళమ్మకు పట్టుకెళ్ళాడని.
"గేదెలా" అని నవ్వాడు.
"పాలు తియ్యగా వచ్చి ఉంటాయిలే."

రాత్రి అన్నంలో మా కందిపొడి కలుపుకుని
కళ్ళు తుడుచుకున్నాడు.
కారానికే అయ్యుంటుంది.

తిరిగొచ్చాక సేటు అడిగాడు, ఏమన్నాడని.
ఒప్పుకున్నాడన్నాను.
అబద్ధమేమీ కాదు.

ఇప్పుడు చిట్టా అంచున
పెన్సిలుతో ఒక గడి గీసి పెట్టుకున్నాను,
సేటు కళ్ళజోడుకు అందనంత సన్నగా.
ఎవరు తిన్నారో తెలిసిననాడు రాస్తాను.
చాలా రోజులు ఖాళీయే.

నిన్నటిది:
పూలబుట్టతో ఒక ముసలామె,
ఒక్క కాయ,
నా కత్తి అడిగి తీసుకుని,
ఇక్కడే, నిలబడి.